ఇన్‌స్టాలర్ తరఫున నాలుగు మాటలు

సొంతంగా కంప్యూటర్ కట్టుకున్నవాళ్ళకి ఒక రకమైన గర్వం వస్తుంది. ఎలా వస్తుందో నాకు తెలుసు, ఈమధ్యే నాకూ వచ్చింది. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చోబెట్టి, దాని నెత్తిన థర్మల్ పేస్టు పెట్టి, ర్యామ్ టక్కుమనేదాకా నొక్కి, పవర్ బటన్ వైర్లలో ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియక మూడుసార్లు పీకి పెట్టి, చివరికి ఫ్యాన్లు తిరిగేసరికి మనిషికి నేల కనపడదు. 'ఇందులో ప్రతి స్క్రూ నేను బిగించిందే, దీనికి యజమానిని నేనే' అనుకుంటాడు.

అలాంటివాణ్ణి మళ్ళీ నేల మీదకి దించే బాధ్యత కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అందులోకి ఎక్కించే ఇన్‌స్టాలర్‌ది. ఆ పని అది ఎంత ఓపిగ్గా చేస్తుందో గుర్తించకుండా జనం నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఎవరో ఒకరు దాని తరఫున మాట్లాడాలి కదా. నేను వేసుకున్న సిస్టమ్ పేరు మాత్రం చెప్పను. మంచి పనులు చేసేవాళ్ళు పేరు కోరుకోరు.

మొదటి పాఠం ఇన్‌స్టాలర్‌ని కాపీ చేసుకునే పెన్‌డ్రైవ్ దగ్గరే మొదలైంది. దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే ఏ బోర్డయినా గుర్తుపడుతుందన్నారు, చేశాను. ఫ్యాట్32 అనేది డిస్కులో ఫైళ్ళు సర్దడానికి 1996లో వచ్చిన పద్ధతి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇన్‌స్టాలర్‌లో అసలు సరుకంతా ఉన్న ఫైలు 4 జీబీ దాటింది. చిన్నాచితకా ఫైళ్ళన్నీ బుద్ధిగా కాపీ అయ్యాయి, అదొక్కటీ గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇలాంటి పెన్‌డ్రైవ్ తయారుచేసిపెట్టే రూఫస్ లాంటి టూల్ వాడితే ఈ చిక్కు అదే చూసుకుంటుంది. కానీ ప్రతి స్క్రూ తెలిసిన యజమాని ఒకరి సాయం తీసుకుంటాడా? తీసుకోడు. గంటన్నర తర్వాత తీసుకుంటాడు.

తర్వాత బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్. ఇప్పుడు దాని అసలు పేరు యూఈఎఫ్ఐ, కానీ ఆ పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అందులోకి వెళ్ళడానికి ఏ కీ నొక్కాలో స్క్రీన్ మీదే రాసి ఉంటుందంటారు. నిజమే, ఉంటుంది. అయితే మానిటర్ నిద్ర లేచి కళ్ళు నులుముకునేలోపు ఆ రాత వచ్చి వెళ్ళిపోతుంది. మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మామయ్యా, ఆన్ చేశాక డిలీట్ నొక్కు."

"ఎప్పుడు?"

"కంపెనీ బొమ్మ వచ్చేలోపు."

"బొమ్మ ఎప్పుడొస్తుంది?"

"అది వచ్చిందంటే నువ్వు లేటయినట్టే."

మళ్ళీ ఆఫ్ చేసి, ఆన్ చేసి, చీకటి తెర ముందు వంగి, డిలీట్ కీని వడ్రంగిపిట్టలా పొడుస్తూ కూర్చున్నాను. తెరుచుకుంది. నేను కట్టిన యంత్రం లోపలికి నేనే తలుపు బాదుకుంటూ వెళ్ళడంలో అవమానమేమీ లేదని ఈ సందర్భంగా మనవి.

లోపలికి వెళ్ళాక టీపీఎం వెతకాలి. విండోస్ 11 వచ్చినప్పటి నుంచి, అంటే 2021 అక్టోబర్ నుంచి, ఈ మూడక్షరాలు జనానికి బాగా పరిచయమయ్యాయి. డేటాకి వేసే రహస్య తాళంచెవులు భద్రంగా దాచే ఏర్పాటు అది, 2.0 వెర్షన్ ఉండాలన్నది నిబంధన. చాలా ప్రాసెసర్లలో ముందే ఉంటుంది. మరి ఎందుకు దొరకదు? ఎందుకంటే చాలా బోర్డుల్లో దాన్ని ఆఫ్ చేసి పెట్టేవారు. పైగా మెనూలో దాని పేరు టీపీఎం అని ఉండదు. ఒక కంపెనీ ప్రాసెసర్ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం, ఇంకో కంపెనీవాటిలో పీటీటీ. ఉన్నదాన్నే వేరే పేరుతో, ఆఫ్ చేసి, నాలుగు మెనూల కింద పెట్టి, 'మీ దగ్గర లేదు' అని చెప్పడాన్ని కొందరు దాగుడుమూతలంటారు. నేను భద్రత అంటాను. యజమానికే కనపడనిది దొంగకి ఏం కనపడుతుంది?

ఇక డిస్కు ఎంపిక. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే నా గుండె కూడా ఇక్కడే కాసేపు ఆగింది.

పాత కంప్యూటర్లోంచి రెండు డిస్కులు తెచ్చి పెట్టాను. ఒకదాన్ని తుడిచేసి కొత్త సిస్టమ్ వేయాలి. రెండోదాన్లో పదేళ్ళ ఫోటోలున్నాయి. రెండూ 1 టీబీవే. తెర మీద డిస్క్ 0, డిస్క్ 1 అని కనిపించాయి. పేరు లేదు, కంపెనీ లేదు, లోపల ఏముందో చెప్పే ఒక్క ముక్క లేదు. రెండింటికీ 931 జీబీ. మిగతా 69 ఎవరు తిన్నారని అడక్కండి, ఎవరూ తినలేదు. డిస్కు చేసినవాళ్ళు వెయ్యితో లెక్కపెడతారు, సిస్టమ్ 1024తో లెక్కపెడుతుంది, ఇద్దరూ దాన్ని జీబీ అనే అంటారు. ఆ తేడా మన ఖాతాలో పడుతుంది.

నేను మొదట పెట్టింది ఫోటోల డిస్కు. కాబట్టి అది డిస్క్ 1 అవ్వాలి. కానీ వీళ్ళు సున్నా నుంచి లెక్కపెడతారు కాబట్టి డిస్క్ 0 అవ్వాలి. అయితే బోర్డు మీద నేను ఏ సాకెట్లో ఏది గుచ్చానో గుర్తు లేదు కాబట్టి ఏదైనా అవ్వొచ్చు. మౌస్ బాణం 'డిలీట్' మీద ఉంది. నా వేలు మౌస్ మీద ఉంది. ఆ వేలిని జాగ్రత్తగా, బాంబు దగ్గర్నుంచి తీసినట్టు తీసి, పవర్ ఆపి, కేసు పక్క తలుపు విప్పాను. ఫోటోల డిస్కు మీద స్కెచ్ పెన్నుతో 'ఫోటోలు' అని నేనే ఎప్పుడో రాసి పెట్టుకున్నాను. దాని కేబుల్ పీకేశాను. మళ్ళీ ఆన్ చేస్తే ఒక్క డిస్కే కనిపించింది, టెన్షన్ పోయింది. ఇంత ఆధునిక వ్యవస్థ మొత్తంలో ఆ రోజు నాకు నమ్మకమైన సమాచారం ఇచ్చింది ఆ స్కెచ్ పెన్ను ఒక్కటే. అయినా ఇన్‌స్టాలర్‌ని తప్పుపట్టను. నా స్క్రూలతో నాకున్న అనుబంధాన్ని అది మరోసారి గుర్తుచేసింది, అంతే.

శాతాలు పెరిగాయి. 100కి చేరాక రీస్టార్ట్ అయ్యి, 'మీ భాష ఎంచుకోండి' అని మళ్ళీ మొదటి ప్రశ్నే అడిగింది. పెన్‌డ్రైవ్ తీయడం మర్చిపోయాను, మళ్ళీ దాన్నుంచే మొదలైంది. తీశాను.

అప్పుడు ఇంటర్నెట్ అడిగింది. ఇంటర్నెట్ ఉంటే అకౌంటుతో లాగిన్ అవ్వొచ్చు, లాగిన్ అయితేనే లోపలికి వెళ్ళొచ్చు. నా దగ్గర వైఫై ఉంది, బోర్డు మీద వైఫై చిప్ ఉంది, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మాత్రం లేదు. డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఉంది. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఆ తెర మీద 'తర్వాత' అనే బటన్ కోసం నాలుగు మూలలా వెతికాను. లేదు. మేనల్లుడు చెబితే ఫోన్‌ని కేబుల్‌తో గుచ్చి, ఫోన్‌లోని ఇంటర్నెట్‌ని కంప్యూటర్‌కి అందించే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. అంత పెద్ద పెట్టె, మూడు ఫ్యాన్లు, కిటికీలోంచి వెలిగే రంగుల లైట్లు, అన్నీ కలిసి నా జేబులో ఫోన్ ముందు చేయి చాచాయి. అది ఇచ్చింది.

డెస్క్‌టాప్ వచ్చాక ఒక విషయం గమనించాను. ఈ కంప్యూటర్‌కి ఏం పేరు పెట్టాలో నేను వారం రోజుల ముందే అనుకుని ఉంచాను. నన్నెవరూ అడగలేదు. 'డెస్క్‌టాప్' అని రాసి, ఒక గీత గీసి, పక్కన ఏడు అక్షరాలూ అంకెలూ చల్లి ఇన్‌స్టాలరే నామకరణం చేసేసింది. నా ఫోల్డర్‌కి కూడా తనే పేరు పెట్టేసింది, నా ఈమెయిల్లో మొదటి ఐదు అక్షరాలు కత్తిరించి. లెక్క సరిగ్గానే ఉంది. కంప్యూటర్‌కి గీతతో కలిపి పదిహేను, యజమానికి ఐదు.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కంప్యూటర్ పేరు మార్చాను. రీస్టార్ట్ చేస్తేనే కొత్త పేరు అమల్లోకి వస్తుందని చెప్పింది. పెన్‌డ్రైవ్ వైపు చూశాను, ఫోన్ కేబుల్ వైపు చూశాను, పక్కకి ఊడదీసి పెట్టిన కేసు తలుపు వైపు చూశాను.

పాత పేరే ఉంది. ఏడక్షరాలే కదా, నోటికి వచ్చేసింది.