మా ఇంట్లో ఇంకా ఉమ్మడి రాష్ట్రమే

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిందంటే ఒప్పుకోని వీర సమైక్యవాది ఒకటి విశాఖ ఎంవీపీ కాలనీలో, మా ఇంట్లో ఉంది. మా కంప్యూటర్. మొన్న పొద్దున్నే స్విచ్ వేస్తే నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు: సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్. ఎఫ్1 నొక్కితే బయోస్, అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల తెర, తెరుచుకుంది. అందులో తేదీ 2012 జనవరి 1. అంటే దాని లెక్కన హుద్‌హుద్ తుఫాను ఇంకా రాలేదు, కైలాసగిరి చెట్లన్నీ నిటారుగానే ఉన్నాయి, రాజధాని ఎక్కడన్న టెన్షన్ అసలే లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త అసూయ కలిగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. విండోస్ వచ్చినట్టే వచ్చి, నీలం తెర పడి, మళ్లీ మొదటికి. ఇలా నాలుగుసార్లు.

వెంటనే ఇంట్లో కమిటీ కూర్చుంది. వైరస్ అన్నారు పక్కింటి బాబాయిగారు. ఆయన దృష్టిలో నీళ్ల మోటారు ఆగినా వైరసే. చివరికి సీపీయూని ఒళ్లో పెట్టుకుని, ఆటోలో డాబాగార్డెన్స్‌లోని ఒక షాపుకి మోసుకెళ్లాను. రాష్ట్రం సంగతి తేల్చమంటే శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు చెప్పింది. షాపు కుర్రాడు మూత కూడా విప్పకుండా ఒకటే చెప్పాడు: "ఫార్మాట్ కొట్టేద్దాం గురూ. బోర్డు కూడా పోయినట్టుంది."

ఫార్మాట్ అంటే నాకు గౌరవమే. ఉప్పుగాలికి గేటు తుప్పు పడితే ఇల్లంతా పడగొట్టి కడదామనే మేస్త్రీ మీద ఎంత గౌరవమో అంత. లోపల మా అమ్మాయి పెళ్లి ఫొటోలున్నాయి. సీపీయూ మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

సాయంత్రం తమ్ముడి కొడుకొచ్చి మూత తీసి, రూపాయి బిళ్లంత సెల్లు చూపించాడు. సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, కొలతలన్నీ పేరులోనే ఉన్నాయి. "దీన్లో 3 వోల్టులుండాలి పెదనాన్నా, చచ్చి ఊరుకుంది" అన్నాడు.

సెల్లు చస్తే మనం బయోస్‌లో పెట్టినవన్నీ పోయి, ఫ్యాక్టరీలో పెట్టినవే మిగులుతాయట. మేం విండోస్ ఎక్కించినప్పుడు డిస్కు ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఉండేది, అంటే బోర్డుతో కొత్త పద్ధతిలో మాట్లాడేది. ఇప్పుడది ఐడీఈ అనే పాత పద్ధతికి వెళ్లిపోయింది. అంతే, విండోస్ తన ఇల్లు తానే గుర్తుపట్టలేక గుమ్మంలో కూలబడింది. కొత్త సెల్లు వేసినంత మాత్రాన పాత సెట్టింగులు తిరిగి రావు. వాడు డిలీట్ కీ కొట్టి లోపలికెళ్లి, ఏహెచ్‌సీఐ పెట్టి, ఎఫ్10తో సేవ్ చేశాడు. విండోస్ బుద్ధిగా వచ్చి కూర్చుంది. మొత్తం ఖర్చు 40 రూపాయలు.

తేదీ మార్చడం మాత్రం మరిచాడు. బ్యాంకు సైట్ తెరవబోతే, మీ గడియారం వెనకబడి ఉందంటూ బ్రౌజర్ మొహం మీదే తలుపేసింది. నిజమే, ఆ సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపించే సర్టిఫికెట్ 2012 నాటికి పుట్టనే లేదు.

ఇక సెల్లు చావుకు కారణం. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ బోర్డులోని గడియారం దాంతోనే నడుస్తుందట, సెల్లు మీద భారం పడదు. మా ఆవిడ మాత్రం బిల్లు భయంతో రోజూ రాత్రి గోడ స్విచ్ ఆపేస్తుంది. ఈ విషయం ఆవిడకి చెప్పే బాధ్యత వాడికప్పగిస్తే, బస్సుకి టైమైందని చెప్పులేసుకున్నాడు. నేనే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "40 రూపాయలకా ఇంత సభ పెట్టారు?" అని వెళ్లి స్విచ్ ఆపేసింది.