‘ఎవరమ్మాయివి?’ అని అడిగే చోటికి పిల్లలు రారు

కౌమార ఆరోగ్య పథకాలను మన పిల్లలు వాడుకోవడం లేదన్న ప్రతిసారీ సమీక్షల్లో వినిపించే కారణం అవగాహన లోపం. నేను దీన్ని ఒప్పుకోను. కౌమార వయసు పిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలో మొదలైంది. పోస్టర్లకూ ర్యాలీలకూ కొదవ లేదు. లేనిది గుట్టు.

మన మెట్ట మండలాల్లో ఏ ప్రభుత్వాసుపత్రికైనా ఓపీ వేళలో వెళ్లి చూడండి. చీటీ రాసే బల్ల ముందు పదిహేడేళ్ల పిల్ల నిలబడితే, ఒంట్లో ఏమిటన్న ప్రశ్న కంటే ముందు ‘ఏ ఊరు, ఎవరమ్మాయివి’ అన్న ప్రశ్న వస్తుంది. వెనక వరుసలో ఆమె వీధివాళ్లే ఉంటారు. ఊళ్లో ఆశా కార్యకర్త ఏదో ఒక వరసకు పిన్నో అత్తో అవుతుంది; బాలింతకు కొండంత అండగా నిలిచే ఆ చుట్టరికమే పెళ్లికాని పిల్ల నోరు కట్టేస్తుంది. మనసు బాధ ఫోనులో చెప్పుకునేందుకు 2022 అక్టోబరులో వచ్చిన ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ముఖం చూపించనక్కరలేదు, నిజమే. కానీ ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట ఆ పిల్ల ఎవరి ఎదుట మాట్లాడాలి?

వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతీ ఇంతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి మాత్ర అవసరమే. అయితే పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అయినా భయం లేదని ముందుగా చెప్పకుండా చేతిలో పెడితే, ఆ మాత్ర నాలుక కింద దాగి కుళాయి దగ్గర బయటపడుతుంది.

మైనర్ల సంగతి తల్లిదండ్రులకు తెలియాలనీ, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం నేరాన్ని దాచనివ్వదనీ కొందరి వాదన. నేరం సంగతి వేరు. నెలసరి నొప్పికీ, పరీక్షల ముందు పట్టని నిద్రకూ ఊరంతా సాక్ష్యం దేనికి?

ఈ నేల మీద ఇంతకంటే పెద్ద పాఠం ఉంది. అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆ చదువు కేంద్రాన్నే తమ కష్టం చెప్పుకునే చోటుగా మార్చుకున్నారు, సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లా దాటి, 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. లబ్ధిదారులుగా పిలిచినవాళ్లు నిర్ణేతలైనప్పుడే ఆ కార్యక్రమానికి ప్రాణం వచ్చింది. మన పథకాల్లో యువతకు లేనిది ఆ చోటే.

చీటీ మీద పేరుకు బదులు నంబరు రాయాలి. కాలేజీ విడిచాక సాయంత్రం గంటన్నర సేపైనా, విడి ద్వారం ఉన్న గదిలో క్లినిక్ నడపాలి. అంతకంటే ముందు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో ఇద్దరు ఇంటర్ విద్యార్థులకు కుర్చీలు వేయించి, ఆ గది ఏ వేళకు తెరవాలో, అందులో ఎవరు కూర్చోవాలో వాళ్లనే అడగాలి.