వేపనూనె వేట

మా గ్యాస్ బండ వెనకాల బొద్దింకలు కాపురం పెట్టి ఆర్నెల్లయింది. బజారు స్ప్రే కొడదామంటే మా ఆవిడ పడనివ్వదు. "పప్పు డబ్బాల మీద పడితే ముందు పోయేది మనమే" అంటుంది. కాదనలేను. మా అమ్మ కందుల కుండలో ఎండిన వేపాకు, వావిలాకు వేసి ఏడాదంతా పురుగు పట్టకుండా కాచేది. ఆవిడ కొడుకుని, ఆమాత్రం చేయలేనా అని ఆదివారం పొద్దున్నే వేపనూనె సీసా పట్టుకొచ్చాను.

లీటరు నీళ్లకు 5 మి.లీ. చాలంటారు. పొలంలో పురుగులకు చాలేమో గానీ, మా బొద్దింకల ఒళ్లు చూశాక నాకు నమ్మకం కుదర్లేదు. అద్దాలు తుడిచే సీసా కడిగి, అర లీటరు నీళ్లు పోసి, పైన 50 మి.లీ. వంపాను.

వంటిల్లంతా కొట్టాను. ఒక్కటీ చావలేదు. ఒక ముసలి బొద్దింకైతే మీసాలు తుడుచుకుని, ఇంకాస్త కొట్టమన్నట్టు నిలబడింది. సీసా అడుగంటుతుండగా, పనిలో పనిగా హాల్లో సోఫా మూలల్లోనూ కొడదామని మీట నొక్కాను. అంతసేపూ తుంపర్లుగా పడింది కాస్తా చిక్కగా, పసుపచ్చగా ధార కట్టింది. కుళ్లిన వెల్లుల్లి, మాడిన పల్లీలు కలిపి నూరినట్టు వాసన!

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మామగారు దిగారు. చలువ చేసిన తెల్ల పంచె. నేను "మామయ్యగారూ, అక్కడ..." అనేలోపే కూర్చున్నారు.

పెరట్లోకెళ్లి అమ్మకి ఫోన్ చేశాను.

"కుంకుడు రసం కలిపావుట్రా?"

"కుంకుడు రసమెందుకు?"

"అది లేకుండా నూనె నీళ్లలో కలుస్తుందిట్రా, వెధవా! పైన తేలుతుంది. గొట్టం ఉండేది అడుగున."

అంటే గంటసేపు నేను బొద్దింకలకు మంచినీళ్ల స్నానం చేయించి, అసలు మందు మామగారికి అట్టేపెట్టానన్నమాట.

"అయినా వేప ఠక్కున చంపదు నాయనా. పురుగుకి తిండి సయించకుండా చేస్తుంది, ఎదగనివ్వదు. ఓపిక పట్టాలి" అని పెట్టేసింది.

మధ్యాహ్నం మా ఆవిడ గుత్తివంకాయ వడ్డించింది. వాళ్ల నాన్నకి ప్రాణం ఆ కూరంటే. ఆయన ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ముక్కు ఎగబీల్చి, మెల్లగా కంచంలోకి దించేశారు. మా ఆవిడ నా వంక చూసింది. నేను మజ్జిగ గ్లాసు వంక చూశాను. అందులోంచీ వేపనూనే కొట్టింది. ముగ్గురం చేతులు కడిగేసుకున్నాం.

రాత్రి మంచినీళ్లకని లేచి వంటింట్లో లైటు వేశాను. గట్టు మీద మూత జారిన గిన్నె, దాని అంచున మా మీసాలాయన సకుటుంబంగా. గుత్తివంకాయ శుభ్రంగా సయించినట్టుంది.