అన్నయ్యల అవగాహన ఒప్పందం

మన ఇంజినీరింగ్ కాలేజీల పూర్వ విద్యార్థుల సంఘాలకు ఈమధ్య ఒప్పందాల పూనకం పట్టింది. ఇక్కడి సంఘం డాలస్‌లో ఉన్న ఇంకో కాలేజీ సంఘంతో అవగాహన ఒప్పందం చేసుకుంటుంది. ఆ రెండూ కలిసి మూడో సంఘంతో చేసుకుంటాయి. ముగ్గురి మధ్యలో ఎక్కడి నుంచో ఒక కన్సల్టెన్సీ వచ్చి కూర్చుంటుంది. ఆశయం గొప్పదే, కాదనలేం. విదేశాల్లో చదవాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అన్నయ్యలు దారి చూపుతారట. అక్కయ్యలు కూడా ఉంటారు గానీ, వాళ్లు జ్యోతి వెలిగించే దాకానే వేదిక మీద కనిపిస్తారు.

అలాంటి ఒక చారిత్రక ఘట్టానికి గత నెల నన్నూ పిలిచారు. నేను ఆ కాలేజీలో చదవలేదు. పత్రికలో నాలుగు మంచి మాటలు రాస్తానని పిలిచారు. రాస్తున్నాను.

ముందుగా ఫ్లెక్సీ సంగతి. దాని మీద సంఘం అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, వ్యవస్థాపక అధ్యక్షుడు, సలహాదారులు, సహ కార్యదర్శులు, ఎవరికీ తెలియని ఒక సమన్వయకర్త, అందరి మొహాలూ ఉన్నాయి. విద్యార్థుల కోసం పెట్టిన సభ కాబట్టి ఒక విద్యార్థిని బొమ్మ కూడా వేశారు. బంగారు రంగు జుట్టు, నల్ల గౌను, టోపీ గాల్లోకి ఎగరేస్తున్న తెల్లమ్మాయి. ఈ కాలేజీ మెస్సులో ఆమె ఒక్క పూట తిన్నా నేను రాతలు మానేస్తాను.

పదింటికని చెప్పిన సభ పన్నెండింటికి మొదలైంది. ఫ్యాను గాలికి వత్తి ఆరిపోతోందని ఫ్యాన్లన్నీ ఆపేశారు. వేదిక మీది ఒక్క దీపం కోసం కింద మూడొందల మంది పిల్లలు చెమటలో నానారు. హాజరు వేస్తామన్నారు కాబట్టి ఎవరూ లేవలేదు. తెర మీద డాలస్ అధ్యక్షుడు ప్రత్యక్షమయ్యాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా కోటు వేసుకునే కూర్చున్నాడు. జన్మభూమి రుణం గురించి మొదలుపెట్టి, "ఈ మట్టి నాకు" అన్న చోట బొమ్మ బిగుసుకుపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. సాంకేతిక బృందం ఎంత తంటాలు పడ్డా మూతపడలేదు. సభలో అత్యంత నిజాయితీగా గడిచిన నిమిషాలు అవే.

ఆ తర్వాత ఒప్పందం ఘట్టం. పచ్చ రంగు ఫైలును ఇద్దరు అధ్యక్షులు చెరో వైపు పట్టుకున్నారు. డాలస్ వారి తరఫున ఆయన బావమరిది పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ "ఇంకొకటి సర్" అన్నాడు. కోశాధికారి చేయి వచ్చి చేరింది. "ఇంకొకటి సర్." కన్సల్టెన్సీ యజమాని మోకాళ్లు వంచి ముందుకు దూరాడు. ప్రిన్సిపాల్‌ను చివరికి నెట్టేశారు, ఆయన ఫైలు అందక ప్రక్కవారి మోచేతిని పట్టుకున్నాడు. ఇన్ని చేతుల మధ్య ఫైలు జారి కింద పడి తెరుచుకుంది. లోపల ఒకే కాగితం ఉంది, మధ్యాహ్న భోజనాల పట్టీ. గుత్తివంకాయ, పులిహోర, రెండు రకాల స్వీట్లు, కిళ్లీ. అసలు ఒప్పందం ఇంకా అచ్చవుతోందట, సంతకాలు సాయంత్రం పెట్టుకుంటారట. ఫొటో మాత్రం ముందే కావాలి కదా. ఎవరికి ఏమిస్తారో అంత స్పష్టంగా రాసిన పత్రాన్ని ఆ రోజు నేను మళ్లీ చూడలేదు.

కాదు, ఇంకొకటి చూశాను. పిల్లలకు ఒక ఫారం పంచారు. పేరు, ఫోను నంబరు, తండ్రి పేరు, తండ్రి ఫోను నంబరు, తండ్రి వృత్తి. మార్కుల గడి పక్కనే "బ్యాక్‌లాగ్‌లు ఉన్నా ఫరవాలేదు" అని ధైర్యవచనం. ఆ కింద సొంత ఇల్లు ఉందా, పొలం ఉందా, ఉంటే ఎన్ని ఎకరాలు. చదువుకు దారి చూపేవాళ్లకు ఎకరాలెందుకు అని అడిగేంత అమాయకులు ఈ వ్యాసం చదవరని నా నమ్మకం. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. ఆ సంగతి అన్నయ్యలకు తెలుసు.

ఇక సేవ ఎలా గిట్టుబాటు అవుతుందో చూద్దాం. కన్సల్టెన్సీ విద్యార్థి దగ్గర ఒక్క రూపాయి తీసుకోదని వేదిక మీద మూడుసార్లు ప్రకటించారు, మూడుసార్లూ చప్పట్లు. పిల్లవాడు చేరి ఫీజు కట్టాక విశ్వవిద్యాలయమే ఆ ఫీజులో కొంత శాతం ఏజెంటుకు, అంటే ఈ కన్సల్టెన్సీకే, ముట్టజెబుతుందన్నది మాత్రం మైకులోకి రాలేదు. కాబట్టి పిల్లవాడికి ఏ కోర్సు పనికొస్తుంది అన్న ప్రశ్నకు జవాబు ఏ కాలేజీ ఎక్కువ ఇస్తుంది అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ప్రభుత్వ సాయం తీసుకునే అమెరికా విశ్వవిద్యాలయాలు తమ దేశపు విద్యార్థులను చేర్పించినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వడాన్ని అక్కడి చట్టం నిషేధించింది. విదేశాల నుంచి రప్పించే విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. తమ పిల్లలను తలల లెక్కన కొనకూడదని వాళ్లు చట్టం చేసుకున్నారు. మన పిల్లలను తలల లెక్కన అమ్మకూడదని మన అన్నయ్యలకు తోచలేదు. చిలుకూరులో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది చేయించుకునే బాలాజీకి కూడా హుండీ లేదు. దేవుడే ఉచితంగా చేస్తున్న పనికి సంఘం కమీషన్ ఎందుకో నాకైతే బోధపడలేదు.

చివర్లో వెనక వరుస నుంచి ఒక అమ్మాయి లేచింది. "సర్, మన కాలేజీ నుంచి రెండేళ్ల క్రితం వెళ్లిన వాళ్లలో ఇప్పుడు ఉద్యోగం లేనివాళ్లు ఎంతమంది?" అని అడిగింది. వెంటనే వందన సమర్పణ మొదలైంది.

ఆ లెక్క వేదిక మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. చదువయ్యాక కొన్నాళ్లు అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతిలో మొత్తం మీద తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే వీసా హోదాకే ముప్పని తెలుసు. ఆ తర్వాత ఉద్యోగానికి కావలసిన హెచ్‌1బీ వీసాల పరిమితి ఏడాదికి 85,000 అనీ, దానికి లాటరీ అనీ తెలుసు. ఇంకెందరో తమ్ముళ్లు నలుగురు పడుకునే గదిలో ఆరుగురు పడుకుని, ఇంటికి ఫోను చేసి అంతా బాగుందని అబద్ధం చెబుతున్నారనీ తెలుసు. ఆ ఒక్క లెక్క చెప్పడానికి ఫ్లెక్సీ అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు, ఒక్క ఫోను చాలు. ఆ పని చేయని సంఘం ఇంకెన్ని సంఘాలతో కలిస్తే ఏం?

2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం దొంగదని తేలినప్పుడు మన పిల్లల కాళ్లకు, ఎక్కడికి వెళ్తున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు కట్టారు. సిగ్గుపడ్డాం, మరిచిపోయాం. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ బయటపడింది. అది అమెరికా అధికారులే వలగా పన్నిన విశ్వవిద్యాలయం. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు, అయినా ఆరు వందల మంది చేరారు, అత్యధికులు మనవాళ్లే. ఎలా చేరారు? ఎవరో చేర్పించారు. చేర్పించినందుకు అభియోగాలు ఎదుర్కొన్న ఎనిమిది మందివీ తెలుగు పేర్లే. తలకింత అని తీసుకున్నవి అంతా కలిపి రెండున్నర లక్షల డాలర్ల పైమాటేనని అభియోగపత్రం చెప్పింది. వాళ్లు పరాయి దొంగలు కారు. పిల్లలు నమ్మి "అన్నా" అని పిలిచినవాళ్లు. ఆ పిలుపుకు వెల కట్టి అమ్ముకున్నవాళ్లు. బేడీలు పడ్డ పిల్లలకు లాయర్లను వెతికిపెట్టింది అమెరికాలోని తెలుగు సంఘాలే, ఆ మేలు మరవను. కానీ చేరేముందు ఆపడానికి ఒక్క సంఘమైనా లేచి గట్టిగా అరిచి ఉంటే లాయర్ల అవసరమే ఉండేది కాదు.

ఇంతా చెప్పి ఒప్పందాలే వద్దంటే నన్ను పిల్లల అభివృద్ధికి అడ్డం పడుతున్నవాడినంటారు. అందుకే కాసిని షరతులతో సమ్మతిస్తున్నాను. ఏజెంటుకు ముట్టే శాతాన్ని ఫ్లెక్సీ మీద అధ్యక్షుడి మొహమంత పెద్దగా అచ్చు వేయాలి. ఉద్యోగం లేకుండా ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు ప్రతి సభలోనూ మాట్లాడాలి, ఆయన మాట్లాడుతున్నప్పుడు బొమ్మ ఆగిపోకూడదు. ఫారంలో ఎకరాల గడి ఉండవచ్చు, దాన్ని సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తమ పొలాలతో నింపి సంతకం పెట్టాలి. అప్పు తీరేదాకా ఆ పట్టాదారు పాసుపుస్తకాలు బ్యాంకులో ఉంటాయి. ఒప్పుకునే సంఘం ఏదైనా ఉంటే కబురు చేయండి. శాలువా ఖర్చు నాది.