సిస్టమ్ అడ్మిన్‌కి సర్వదర్శనమే దిక్కు

తిరుపతి సిస్టమ్ అడ్మిన్లకి, అంటే ఆఫీసు కంప్యూటర్లూ సర్వర్లూ నడిపేవోళ్ళకి, ఈమధ్య భక్తి పెరిగిపోయిందని మేనేజర్లు తెగ మురిసిపోతా ఉండారు. పెరగదా మరి, శ్రీవారి క్యూలోకి సెల్లు పోనీరు కదా. మూడొందల టికెట్టు చేతిలో పెట్టినా వద్దని సర్వదర్శనం లైన్లోకే పోతారు, కంపార్ట్‌మెంట్లో ఎన్ని గంటలు కూర్చోబెడితే అంత పుణ్యం, ఫోన్ కౌంటర్లో ఇచ్చేసి రసీదు జేబులో పెట్టుకున్నాక సర్వర్ పడితే ఏంది ప్రింటర్ మొరాయిస్తే ఏంది. ఊరు మొత్తమ్మీద అడ్మిన్‌కి ఆన్‌కాల్ నుంచి, అంటే ఏ వేళ ఫోనొచ్చినా ఎత్తాల్సిన డ్యూటీ నుంచి, సెలవిచ్చే మేనేజర్ ఆ ఏడుకొండలవాడొక్కడే అని నా నిశ్చితాభిప్రాయం.

బర్నౌట్, అంటే పని ఒత్తిడికి పూర్తిగా అలిసిపోవడం, అని మనోళ్ళు గొణుగుతారు గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో అది జబ్బు కాదని చెప్పేసింది. జబ్బు కాదు కాబట్టి సిక్ లీవ్ లేదని హెచ్‌ఆర్ మేడం అక్కడికే చదివి ఆపేస్తాది. ఆఫీసులో వదలకుండా ఉండే ఒత్తిడిని సరిగ్గా చక్కబెట్టకపోతే వచ్చేదని కూడా అక్కడే రాసుండాది, కళ్ళజోడు తేలేదేమో పాపం. మందు మాత్రం ఇస్తారు, శనివారం పొద్దున ఆన్‌లైన్ యోగా, అటెండెన్స్ కంపల్సరీ, లింక్ ఓపెన్ కాకపోతే మల్లా అడ్మిన్‌కే ఫోను.

ఇంక గ్రోత్ సంగతి. పనుల్ని వాటంతటవే జరిగేట్టు చేసే ఆన్సిబుల్ అనే టూల్ నేర్చుకోని, సర్వర్లన్నిటికీ అప్‌డేట్లు వేసే పని మొత్తం ఒక్క ప్లేబుక్ (ఆ టూల్ చదివే పనుల జాబితా)లో పెట్టిన పిల్లోడికి అప్రైజల్లో 'ఖాళీగా కనపడతా ఉండాడు' అని రాస్తారు, అర్ధరాత్రి లేచి డిస్కు నిండిపోయిన సర్వర్లో లాగ్ ఫైళ్ళు (సర్వర్ రాసుకునే రికార్డులు) చేత్తో తుడిచినోడికి 'డెడికేషన్' అని. పాత లాగ్ ఫైళ్ళని దానంతటదే తీసేసే లాగ్‌రొటేట్ సరిగ్గా పెట్టుంటే ఆ రాత్రే వచ్చేది కాదు, ప్రమోషనూ వచ్చేది కాదు. గూగుల్లో ఎస్‌ఆర్‌ఈలకి (సర్వీసులు పడకుండా చూసే ఇంజనీర్లకి) చేత్తో చేసిందే చేసే పని సగం టైమ్ దాటకూడదని రూలు పెట్టుకున్నారు, ఆ మాట మనోళ్ళకి చెప్తే 'మంచిదే, మిగతా సగం సీసీ కెమెరాలు చూసుకో' అంటారు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ తేడా కొట్టి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడినప్పుడు, ఒక్కోదాని దగ్గరికీ నడిచిపోయి సేఫ్ మోడ్‌లో ఫైల్ తీసేసినోళ్ళు ఈళ్ళే. సరిగ్గా వారానికి జులై ఆఖరి శుక్రవారం, అంటే సిస్టమ్ అడ్మిన్ల దినం. ఎవురికి గుర్తుంటాది, అప్పటికి అన్నీ పనిచేస్తా ఉండె కదా.

సర్వదర్శనం వల్ల ఆఫీసుకి జరిగే మేలు మాత్రం ఎవురూ చెప్పుకోరు. ఫోన్ ఎత్తకపోయేసరికి జూనియర్ మొదటిసారి రన్‌బుక్ (ఏది పడితే ఏం చెయ్యాలో రాసిపెట్టింది) తెరుస్తాడు, బ్యాకప్ నిజంగా రీస్టోర్ అవుతాదో లేదో తేలిపోతాది, సర్వర్ మొత్తాన్నీ తెరిచే రూట్ పాస్‌వర్డ్ ఒక్కడి బుర్రలోనే ఉందని పైవోళ్ళకీ తెలుస్తాది. ఇంత ఆడిట్ ఏ కన్సల్టెంట్ చేస్తాడప్పా, పైగా లడ్డు కూడా ఇచ్చి?

ఇది చూసి ఇంకో మనిషిని తీసుకోని వారం మార్చి వారం ఆన్‌కాల్ పెడతారని మీరనుకోవచ్చు. మన మేనేజర్లు అంతకన్నా దయగలోళ్ళు. 'ఎందుకు నాయనా అన్ని గంటలు అవస్థ, ఎమ్మెల్యే గారి లెటర్ నేనిప్పిస్తా, బ్రేక్ దర్శనానికి పో, బిన్నా బయటికొచ్చి ఫోన్ తీసుకోవచ్చు' అంటా ఉండారు.