కాఫీకి ప్రిస్క్రిప్షన్ ఎవరు రాశారు?

"కాఫీ తాగగానే నిద్ర ముంచుకొస్తోందా? అయితే మీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే!" ఇలాంటి రీల్స్ ఇప్పుడు తెలుగులోనూ బాగానే తిరుగుతున్నాయి. ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత నిలవక, కుదురుగా ఉండలేక ఇబ్బందిపెట్టే సమస్య. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: మందులెందుకు, రోజుకు మూడు కాఫీలు పడితే చాలదా అని.

మొదటి మాటకు జవాబు ఎప్పుడో దొరికింది. ఉత్తేజక మందులు మామూలు పిల్లల్ని రెచ్చగొడతాయని, ఏడీహెచ్‌డీ పిల్లల్ని మాత్రం నిదానింపజేస్తాయని ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జుడిత్ రాపోపోర్ట్ బృందం ఏ సమస్యా లేని మగపిల్లలకు డెక్స్‌ట్రోయాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూసింది. వాళ్లూ కుదురుగా కూర్చున్నారు, వాళ్ల ఏకాగ్రతా పెరిగింది. ఆ ఫలితాలు 1978లో అచ్చయ్యాయి. అసలు మందుతోనే తేలని రోగనిర్ధారణ కప్పు కాఫీతో తేలుతుందా? కాఫీ తాగాక కునుకు పట్టడానికి ముందు రాత్రి చాలని నిద్ర కారణం కావచ్చు, తాగీ తాగీ ఒంటికి అలవాటైపోయి ఉండొచ్చు.

రెండో మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఏడీహెచ్‌డీకి వాడే ఉత్తేజక మందు మిథైల్‌ఫెనిడేట్‌ను అమెరికా 1971లో కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితాలో చేర్చింది. రెండేళ్లకే రాబర్ట్ ష్నాకెన్‌బర్గ్ అనే డాక్టరు, ఏడీహెచ్‌డీ లాంటి సమస్య ఉన్న పిల్లలకు ఆ మందుల బదులు కెఫీన్ ఇవ్వొచ్చంటూ ఓ వైద్య పత్రికలో రాశారు. మందు దొరకడం కష్టమైనప్పుడు కాఫీ వైపు చూడటం కొత్తేమీ కాదన్నమాట. తర్వాత వేరేవాళ్లు డమ్మీ మాత్రలతో పోల్చి పరీక్షించేసరికి ఆ ఆశ నిలవలేదు. చాలా పరీక్షల్లో కెఫీన్ మిథైల్‌ఫెనిడేట్‌కు దీటుగా నిలబడలేకపోయింది.

ఎందుకంటే రెండూ చేసే పని ఒకటి కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ, ఇక చాలు పడుకో అని కబురు పంపుతుంటుంది. ఆ కబురు అందుకునే చోటును కెఫీన్ ఆక్రమిస్తుంది. అలసట అక్కడే ఉంటుంది, మనకు తెలియదంతే. ఏకాగ్రతకు తోడ్పడే మెదడు రసాయనం డోపమైన్ మీద దాని ప్రభావం పక్కదారిన వచ్చేది. మిథైల్‌ఫెనిడేట్ అలా కాదు, విడుదలైన డోపమైన్‌ను, అలాంటిదే అయిన నారెపినెఫ్రిన్‌ను కణాలు వెంటనే వెనక్కి లాక్కోకుండా నేరుగా అడ్డుపడుతుంది. నిద్రమత్తు వదిలినంత మాత్రాన, మొదలుపెట్టిన పనిని చివరిదాకా పట్టుకునే శక్తి రాదు.

'కాఫీ సహజం, మాత్ర కెమికల్' అనే వాదన వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఉన్నట్టుండి ఊపిరి ఆపేస్తుంటారు. నవజాత శిశువుల ఐసీయూల్లో (ఎన్ఐసీయూ) వాళ్లకు ఇచ్చేది కెఫీన్ సిట్రేటే. బిడ్డ బరువు తూచి, మిల్లీగ్రాముల లెక్కన, గుండె వేగం చూసుకుంటూ ఇస్తారు. కెఫీన్ కూడా మందే మరి. ఏడీహెచ్‌డీకి కాఫీని నమ్ముకున్నవాళ్లు కూడా మందు వాడుతున్నట్టే, మోతాదు తెలియకుండా.

ఆ మోతాదు తేల్చడం ఎంత కష్టమో చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తానికి 300 దాటకూడదు. మరి మీ ఇంటి పొడిలో చికోరీ ఎంత? చికోరీలో కెఫీన్ ఉండదు. పొద్దున దించిన చిక్కటి డికాషన్, మధ్యాహ్నం అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి దించిన పలచటి డికాషన్ ఒకటే అవుతాయా? పైగా ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో దాదాపు రెట్టింపు సమయం, సిగరెట్ తాగేవారిలో ఐదు గంటల కన్నా బాగా తక్కువ.

అసలు దెబ్బ నిద్ర మీద పడుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గుతుందని 2013లో అమెరికాలో జరిగిన ఓ అధ్యయనం తేల్చింది. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి అసలే తొందరగా నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే ఏమవుతుంది? వస్తువులు ఎక్కడ పెట్టామో గుర్తుండదు, చిన్నదానికే చిరాకు, మెయిల్ సగం రాసి వదిలేయడం. సరిగ్గా వేటి కోసం కాఫీ మొదలుపెట్టామో అవే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మర్నాడు ఇంకో కప్పు పెరుగుతుంది.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దని ఐరోపా ఆహార భద్రతా సంస్థ సూచన. 20 కిలోల పిల్లాడికి 60. మన దేశంలో ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు, అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 వరకు. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల పక్కనే ఉండే ఆ సీసా మీద పిల్లలకు తగదని రాసే ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని వెతికితే తప్ప కనిపించనంత చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో.

ఇంత తెలిసీ జనం కాఫీనే ఎందుకు పట్టుకుంటున్నారు? తప్పంతా వాళ్లదేనంటే నేను ఒప్పుకోను. మిథైల్‌ఫెనిడేట్ మన దగ్గర షెడ్యూల్ ఎక్స్ మందు. ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. ఇంత తంతు ఎందుకని చాలా మెడికల్ షాపులు ఆ మందు జోలికే పోవు. ఇక సైకియాట్రిస్టు గుమ్మం ఎక్కితే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఉండనే ఉంది. దుర్వినియోగం నిజమే కాబట్టి నియంత్రణ ఉండాల్సిందే. కానీ జిల్లా ఆసుపత్రి మందుల కౌంటర్లో కూడా దొరక్కపోతే, డాక్టరు చీటీ ఉన్నవాడు కూడా కాఫీ హోటల్‌కే పోతాడు.

ఉత్తేజకాలు పడనివాళ్లకు ఆటోమాక్సెటిన్ లాంటివి ఉన్నాయి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నవాళ్లు పైన కాఫీలు దట్టిస్తే గుండెదడ, వణుకు, ఆందోళన ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అందుకే రోజుకు ఎన్ని కప్పులు, ఆఖరి కప్పు ఎన్నింటికి అన్నది డాక్టరు అడక్కపోయినా చెప్పాలి.