మానిక మారిస్తే లెక్క తేలదు

యాభైరెండులోంచి ఇరవైయేడు తీసేయమంటే మూడో తరగతి పిల్లవాడు 35 అని రాశాడనుకుందాం. జవాబు తప్పే, కానీ ఆ తప్పుకు ఒక వరుస ఉంది. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసి అయిదు వేశాడు. పదుల స్థానంలో అయిదులోంచి రెండు తీసి మూడు వేశాడు. పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకోవాలన్న సంగతి వాడికి ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు 25 అనే సరైన జవాబు పక్కన 35ను కూడా పెట్టేది ఇందుకే. ఒక జిల్లాలో సగంమంది పిల్లలు 35కే గుర్తు పెట్టారంటే, మందలించాల్సింది పిల్లలను కాదు, సరిదిద్దాల్సింది తీసివేత పాఠాన్ని. దేశవ్యాప్త అభ్యసన సర్వేల అసలు ప్రయోజనం ఇంతే. ఏ రాష్ట్రం ఎన్నో స్థానంలో ఉందన్న పట్టిక దాని ఉప ఉత్పత్తి మాత్రమే.

కానీ మనవారి కళ్లు ఆ పట్టిక మీదే పడతాయి. 2024 డిసెంబరు 4న దేశంలోని 781 జిల్లాల్లో మూడు, ఆరు, తొమ్మిది తరగతుల విద్యార్థులు 21 లక్షల మందికి పైగా జాతీయ మదింపు కేంద్రం ‘పరఖ్’ జరిపిన రాష్ట్రీయ సర్వేక్షణ్ రాశారు. మరుసటి ఏడాది జులైలో ఫలితాలు వచ్చినప్పుడు జరగాల్సిన చర్చకు సరుకు చాలానే ఉంది. మూడో తరగతిలో 99 వరకు అంకెలను చిన్న నుంచి పెద్దకు, పెద్ద నుంచి చిన్నకు పేర్చగలిగినవారు 55 శాతమే. ఆరో తరగతిలో పదో ఎక్కం వరకు వచ్చినవారు 53 శాతమే. గణితంలో జాతీయ సగటు మూడో తరగతిలో 60 శాతం, ఆరులో 46, తొమ్మిదిలో 37. పై తరగతులకు వెళ్లేకొద్దీ మెట్లు దిగుతున్నట్లున్న ఈ అంకెల గురించి మాట్లాడినవారు తక్కువ, ‘మన స్థానం ఎంత’ అని అడిగినవారు ఎక్కువ. ఫలితాల సీజన్లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాల్లో ర్యాంకుల హోర్డింగుల కింద నిలబడి బస్సు కోసం చూసే నగరానికి ఈ అలవాటు సహజమేనేమో.

ఈ సర్వేల చరిత్ర మరీ పాతది కాదు. 1961లో ఏర్పడిన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2001 నుంచి జాతీయ సాధన సర్వేను, అంటే ‘న్యాస్’ను నిర్వహిస్తూ వచ్చింది. మొదట్లో ఒక విడత ఒకే తరగతిని తీసుకుని రాష్ట్రాన్ని యూనిట్‌గా కొలిచేవారు. 2017 నవంబరు 13న తొలిసారి జిల్లాల స్థాయిలో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు ఒకేరోజు పరీక్ష పెట్టారు. ఆ ఏడాదే విద్యాహక్కు నిబంధనల్లో తరగతివారీ అభ్యసన ఫలితాలను చేర్చడంతో ఏ తరగతి పిల్లవాడికి ఏం రావాలో కాగితం మీదకు వచ్చింది. 2021 నవంబరు 12న, కొవిడ్ మూసివేతల తర్వాత బడులు తెరిచిన కొద్దికాలానికే 34 లక్షల మందితో మరో విడత జరిగింది. ఆనాటి మూడో తరగతి పిల్లలకు ఒకటో తరగతి చివర మొదలు దాదాపు ఏడాదిన్నరపాటు నల్లబల్ల ముఖమే తెలియదు. జాతీయ విద్యావిధానం సూచన మేరకు 2023లో ‘పరఖ్’ ఏర్పడి ఈ బాధ్యత తీసుకుంది. మూడు, అయిదు, ఎనిమిది, పది తరగతుల స్థానంలో మూడు, ఆరు, తొమ్మిది వచ్చాయి. కొత్త విధానంలోని దశల ముగింపును బట్టి తరగతులను ఎంచామన్న వాదనలో అర్థం లేకపోలేదు. అయితే 2021లో అయిదో తరగతి కొలిచి, 2024లో ఆరో తరగతి కొలిచి, పిల్లలు మెరుగుపడ్డారా దిగజారారా అని ఎవరు మాత్రం చెప్పగలరు? ఒక ఏడు వడ్లను మానికతో, మరుసటి ఏడు కుంచంతో కొలిచి దిగుబడి పెరిగిందని చాటింపు వేసే రైతును ఊళ్లో ఎవరూ నమ్మరు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగినది. అక్కడి జాతీయ విద్యా ప్రగతి మదింపు 1969లో మొదలైంది. రాల్ఫ్ టైలర్ అనే విద్యావేత్త 1960లలో దాన్ని ప్రతిపాదించినప్పుడు రాష్ట్రాల విద్యాధికారులు తమ మధ్య పోలికలు పెడతారని భయపడ్డారు. అందుకే మొదట్లో రాష్ట్రాలవారీ ఫలితాలే ఇవ్వలేదు. 1990లో కొన్ని రాష్ట్రాలతో ప్రయోగాత్మకంగా ఆ పని మొదలుపెట్టారు. నేటికీ ఏ విద్యార్థికీ వ్యక్తిగతంగా మార్కు ఇవ్వరు, ప్రతి పిల్లవాడూ ప్రశ్నల్లో కొంత భాగమే రాస్తాడు. చదవడం, గణితంలో దీర్ఘకాల ధోరణిని తెలుసుకునేందుకు 1970ల నుంచి మార్పులు లేకుండా వీలైనంతవరకు అదే పరీక్షను కొనసాగించారు. కొవిడ్ తర్వాత 2022లో పిల్లలు గణితంలో ఎంత వెనకబడ్డారో అక్కడివారు ఖచ్చితంగా చెప్పగలిగింది ఆ ఓపిక వల్లనే. 2025 మార్చిలో ఆ సర్వే నడిపే గణాంక కేంద్రం సిబ్బందిలో అత్యధికులను తొలగించడంతో దాని భవిష్యత్తుపై అక్కడే సందేహాలు ముసురుకున్నాయి. యాభై ఏళ్లకు పైగా పేరుకున్న నమ్మకానికి కూడా ప్రభుత్వం తలుచుకుంటే గండి పడుతుందన్నమాట.

మన దగ్గర నమ్మకం పేరుకునేదాకా కూడా రాలేదు. స్వచ్ఛంద సంస్థ ‘ప్రథమ్’ 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి చేస్తున్న ‘అసర్’ సర్వే ఫలితాలకు, 2017 న్యాస్ ఫలితాలకు పొంతన కుదరలేదు. రెంటినీ పోల్చిన పరిశోధకులు న్యాస్ రాష్ట్ర సగటులు బాగా ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక అధ్యయనం మరో కోణం చూపింది: ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితంపై పెట్టిన పరీక్షల్లో పిల్లల స్థాయి ఉన్నదానికన్నా పెరిగి కనిపించగా, ట్యాబ్‌లపై పెట్టిన పరీక్షల్లో ఆ ఉబ్బు చాలావరకు తగ్గింది. ఇందులో ఉపాధ్యాయులను మాత్రమే దొంగలుగా నిలబెట్టడం అన్యాయం. సర్వే దగ్గరపడుతోందంటే పైనుంచి ఫోన్లు మొదలవుతాయి, వాట్సాప్ గ్రూపుల్లో మోడల్ పేపర్లు తిరుగుతాయి, వాచకం పక్కన పెట్టి బిట్లు చేయిస్తారు. చిన్న తరగతుల్లో పిల్లలు ప్రశ్నపత్రం మీదే గుర్తులు పెడితే వాటిని ఓఎంఆర్ షీటులోకి ఎక్కించేది క్షేత్ర పరిశోధకుడిగా వచ్చిన ఛాత్రోపాధ్యాయుడు, అంటే ఇంకా ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థి. రేపు అదే జిల్లాలో ఉద్యోగం వెతుక్కోవాల్సిన ఆ యువకుడి మీద ‘మన జిల్లా పరువు’ అనే బరువు పెడితే అతడు చేయగలిగిందేమిటి?

హైదరాబాద్‌కు ఇందులో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. అసర్ గ్రామీణ సర్వే కనుక మన నగరం గడప తొక్కదు. నగరంలోని పిల్లలు ఏం చదవగలుగుతున్నారో చెప్పే జాతీయ కొలత పరఖ్ ఒక్కటే. అందులో అందరి కంటా పడేది జిల్లా మొత్తానికి ఇచ్చే ఒక అంకె. చాంద్రాయణగుట్ట ఉర్దూ మాధ్యమ బడి, జూబ్లీహిల్స్ కార్పొరేట్ పాఠశాల, రెండు గదుల అద్దె ఇంట్లో నడిచే బస్తీ ప్రైవేటు బడి, అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. అంతకన్నా చిక్కైనది మాధ్యమం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఆంగ్ల మాధ్యమం 2022-23లో మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు అప్పుడే వచ్చాయి. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరినవారే 2024 డిసెంబరులో మూడో తరగతిలో కూర్చుని పరీక్ష రాశారు. ఇంట్లో తెలుగో ఉర్దూనో మాట్లాడే పాప ఇంగ్లిష్‌లో అచ్చైన లెక్కను తప్పు చేస్తే, ఆమెకు లెక్క రాలేదా, ప్రశ్న అర్థం కాలేదా? ఆ తేడా చెప్పని సగటును పట్టుకుని మంత్రులు సంబరపడినా, ప్రతిపక్షాలు దుమ్మెత్తిపోసినా రెండూ గాలిలో మాటలే. 2022 మార్చిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనం ఇందుకు భిన్నంగా, 20 భాషల్లో ఒక్కొక్క మూడో తరగతి విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి విన్నది. ఖర్చుతో కూడిన పద్ధతే, కానీ చదువు రావడమంటే ఏమిటో అది చెవికి వినిపిస్తుంది.

ఫలితం చేదుగా ఉందని కొలతనే వదిలేసుకున్న అనుభవమూ మనకుంది. అంతర్జాతీయంగా పదిహేనేళ్ల వయసువారికి పెట్టే ‘పీసా’లో 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని అట్టడుగున నిలిచాయి. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు తగినవి కావన్న అభ్యంతరంతో దేశం తప్పుకొంది, మళ్లీ ఇప్పటివరకు రాయలేదు.

మూడేళ్ల లెక్క ప్రకారం తదుపరి సర్వే 2027లో రావాలి. దానికి మూడు, ఆరు, తొమ్మిది తరగతులనే ఉంచాలనీ, 2024 నాటి ప్రశ్నల్లో కొన్నింటిని రహస్యంగా దాచి మళ్లీ వాడాలనీ మేము కోరుతున్నాం. రాష్ట్రాల ర్యాంకుల ప్రకటన కన్నా ముందు, ఏ ప్రశ్నకు ఏ తప్పు జవాబు ఎక్కువమంది ఎంచుకున్నారో తెలిపే నివేదిక తెలుగులో, ఉర్దూలో కాంప్లెక్స్ సమావేశాలకు, అంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే సమావేశాలకు చేరాలి. రాష్ట్ర విద్యాశాఖ తనవంతుగా ఈలోగా బడికి సంబంధం లేని వ్యక్తులతో, ట్యాబ్‌లపై, ఇంగ్లిష్‌లోనూ ఇంటి భాషలోనూ ఒక చిన్న నమూనా పరీక్ష జరిపించి, హైదరాబాద్ ఫలితాలను బస్తీల ప్రాతిపదికన, మాధ్యమాల ప్రాతిపదికన విడగొట్టి చూపాలి. ఆ పరీక్ష పేరుతో ఏ ప్రధానోపాధ్యాయుడికీ మెమో ఇవ్వబోమని ముందే ప్రకటించాలి. లేకుంటే చేతికి వచ్చేది మళ్లీ ఉబ్బిన అంకే. 2027 చివర మూడో తరగతి బల్ల మీద కూర్చోబోయే పిల్లలు కొత్తగా పుట్టాల్సినవారు కారు. వారు 2025 జూన్‌లోనే పలకా బలపం పట్టుకుని మన బడుల్లోకి వచ్చేశారు.